అలవాటు పడటం గురించి

చికాగో నగరంలో కాపురం పెట్టిన మొదటి వారంలోనే నాకు ముగ్గురు మనుషులు ఒకే మాట చెప్పారు: "అలవాటు పడతారు లెండి" అని. మొదటివారు మా జిల్లా ఆయనే. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి శివార్లలో ఇల్లు కొనుక్కున్నవారు. ఆయన చలిని గురించి అన్నారు. రెండోది మా ఆవిడ ఆఫీసులో పనిచేసే తెలుగమ్మాయి. ఆమె రైళ్ళ మోత గురించి అన్నది. మూడో ఆయన మేమున్న భవనం గుమ్మం దగ్గర బల్ల వేసుకు కూర్చునే డోర్‌మన్, వయసు మళ్ళిన నల్లజాతి పెద్దమనిషి. తన భాషలో ఆయనా అదే మాట అన్నాడు. దేన్ని గురించి అన్నాడో చెప్పాలంటే మాత్రం కొంత వివరించాలి. ఈ వ్యాసమంతా ఆ వివరణే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడకు ఉద్యోగరీత్యా చికాగో బదిలీ అయితే జీతంలేని సెలవు పెట్టి వెంట వెళ్ళాను. 2022 అక్టోబరు నుంచి 2024 చివరిదాకా అక్కడున్నాం. మనవాళ్ళు సాధారణంగా కాపురముండే శివారు పేటల్లో కాకుండా, ఆఫీసుకు నడిచిపోవచ్చునని నగరం నడిబొడ్డున 'లూప్' అనే చోట ఇరవైమూడో అంతస్తులో అద్దెకు దిగాం. 1897లో పూర్తి అయిన ఎత్తు రైలుమార్గం ఆ ప్రాంతాన్ని ఇనప మొలతాడులాగా చుట్టి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే ఒకవైపు సముద్రంలాంటి మిషిగన్ సరస్సు, ఇంకొకవైపు కిటికీలే కిటికీలు. వాటిలో ఒక్కదాని వెనక మనిషి పేరు కూడా మనకు తెలియదు. లిఫ్టులో పదిమంది కలిసి ఎక్కితే పదిమందీ అంతస్తుల అంకెలవంక చూస్తూ నిలబడతారు. దీనికి అలవాటు పడటానికి నాకు పట్టుమని పదిరోజులు పట్టలేదు. పైపెచ్చు కొంత హాయిగా కూడా ఉన్నది. అది వేరే సంగతి. దాని దగ్గరకు తరవాత వస్తాను.

మా భవనం పక్క సందు మొగలో, పేవ్‌మెంటు మీద ఒక ఇనపజాలీ ఉండేది. నేలమాళిగలోని వెచ్చని గాలి దానిగుండా పైకి వచ్చేది. దాని మీద ఒక మనిషి పడుకునేవాడు. యాభై ఏళ్ళుండవచ్చు, అరవై ఉండవచ్చు. మొదటిరోజు సాయంత్రం అతన్ని చూసి ఆగిపోయాను. ఏం చెయ్యటానికీ తోచక ఐదు డాలర్ల నోటు పక్కన పెట్టి లోపలికి వచ్చాను. నా ముఖం చూసి డోర్‌మన్ ఆ మాట అన్నాడు, అలవాటు పడతారని. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. రెండోవారానికల్లా వీధికి అవతలి పేవ్‌మెంటు మీద నడవటం నేర్చుకున్నాను. రెండోనెలలో, అటు చుట్టు అవుతున్నదని, మళ్ళీ ఇవతలికే వచ్చాను. మూడోనెలలో ఒకనాడు డోర్‌మన్ నన్ను పిలిచి, "ప్రొఫెసర్, నాలుగు రోజులుగా అతను కనిపించటంలేదు, మీరుగాని చూశారా?" అని అడిగాడు. (నేను ప్రొఫెసర్ను కానని చెప్పినా ఆయన వినలేదు.) ఆ నాలుగు రోజులూ నేను రోజుకు రెండుసార్లు ఆ జాలీ పక్కనుంచే నడిచాను. అతను ఉన్నాడో లేడో నాకు తెలియదు.

ఇందులో ఏమంత విశేషముందని పాఠకులు అడగవచ్చు. విశేషం ఇది. నేను పదేళ్ళుగా క్లాసులో శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి' పాఠం చెబుతున్నవాణ్ణి. దారి పక్కన చెట్టు కింద ముసలిది, దిక్కులేకుండా ఆమె చచ్చిపోతే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్న. నేను ఏటా దానికి సందర్భం, కవి హృదయం, విశేషాంశాలు రాయించి, పరీక్షలో మార్కులు వేసేవాణ్ణి. బాగా చెబుతాననే పేరు కూడా ఉన్నది. అంతకంటె సిగ్గుచేటయిన సంగతి ఇంకొకటి చెప్పాలి. చికాగో వెళ్ళిన మొదటి నెలలో నేను భక్తిగా చూడబోయిన మొదటి స్థలం హేమార్కెట్. 1886 మే 4న సభ జరిగిన చోట, డెస్‌ప్లెయిన్స్ వీధిలో, బండి మీద నిలబడి ఉపన్యసిస్తున్న మనుషుల కంచు విగ్రహం 2004లో పెట్టారు. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. ఆ పొద్దున ఆ తీర్థయాత్రకు బయల్దేరుతూ నేను అతన్ని తప్పుకునే నడిచాను.

ఇప్పుడు ప్రశ్న. ఒక కొత్త మహానగరానికి అలవాటు పడటమంటే, సౌకర్యం కోసం చర్మం మందం చేసుకోవటమేనా? అయితే అది పాపమా, లేక బతకటానికి తప్పని పద్ధతి మాత్రమేనా?

దీనికి మనవాళ్ళలో రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. మొదటి జవాబు శివార్ల ఆయనది. పాశ్చాత్యులకు గుండె లేదు, ఎవరి గోల వారిది. మనదగ్గరయితే ఊరంతా ఒక కుటుంబం. ఈ జవాబును మన కథల్లోనూ, అమెరికా తెలుగు సభల్లో ఇచ్చే ఉపన్యాసాల్లోనూ విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. మా ఊళ్ళో మా తాతగారింట్లో ఒక పాలేరు ఉండేవాడు. గొడ్లచావిడిలో పడుకునేవాడు. అతని గ్లాసు విడిగా చూరులో ఉండేది. అతని పేరు ఊరందరికీ తెలుసు, అతని తండ్రి పేరూ తెలుసు, ఏ పల్లెవాడో తెలుసు. తెలియటంవల్ల అతనికి ఒరిగిందేమిటి? తెలియటమే అతన్ని పట్టి ఉంచిన తాడు. ఊరు ఒకరినొకరు ఎరిగి ఉండటం ప్రేమ వల్ల కాదు, ఎవరి స్థానమేదో మరిచిపోకుండా ఉండటానికి. 1948లో రాజ్యాంగ పరిషత్తులో అంబేద్కర్ గ్రామాన్ని అంత కటువుగా తూలనాడింది ఊరికే కాదు. ఆయన 1913లో న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు, ఆపైన లండన్‌లో చదివాడు. ఆ ఏళ్ళలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే మనసులోంచి తుడిచిపెట్టుకుపోయిందని తానే రాసుకున్నాడు. 1917లో ఉద్యోగానికి బరోడాలో దిగేసరికి తలదాచుకోవటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చి తలదాచుకుంటే అక్కణ్ణుంచీ కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఈ రెండు అనుభవాలూ పక్కపక్కన పెట్టుకున్నవాడు, నగరంలో ఎవరికీ ఎవరూ తెలియకపోవటం ఒట్టి శాపమని అనలేడు.

లిఫ్టులో నాకు కలిగిన హాయిని గురించి తరవాత వస్తానన్నాను. నా హాయి చిన్నది, ఎవరూ జీతమెంత, పిల్లలెందుకు లేరు అని అడగరన్నంతవరకే. మా జిల్లానుంచే చదువుకోవటానికి వచ్చిన ఒక దళిత విద్యార్థి నాతో అన్న మాట బరువైనది. "ఇక్కడెవరూ ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఊళ్ళో ఎక్కడ అని అడగరండీ, మనవాళ్ళు తప్ప" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర పాలకసభ కులవివక్షను నిషేధిస్తూ శాసనం చెయ్యవలసి వచ్చిందంటే, ఆ 'మనవాళ్ళు తప్ప' అన్న మాట ఎంత దూరం ప్రయాణం చేసిందో ఊహించుకోవచ్చు. కాబట్టి నగరంలో ముక్కూమొహం తెలియనివాడుగా బతకగలగటం ఒక స్వేచ్ఛ. దాన్ని వదులుకోమని, పల్లెకు పొమ్మని చెప్పేవాడు ఏ వీధిలో పుట్టాడో ముందు కనుక్కోవాలి.

రెండో జవాబు కొంచెం చదువుకున్నవాళ్ళది. 1903లో గియోర్గ్ సిమ్మెల్ అనే జర్మన్ తాత్వికుడు మహానగరంలోని మానసిక జీవితం మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. నగరంలో నిమిషనిమిషానికీ వచ్చిపడే దృశ్యాలకూ శబ్దాలకూ నరాలు తట్టుకోలేవు, అందుచేత మనిషి తన్ను కాపాడుకోవటానికి నిర్లిప్తతను కవచంలాగా తొడుక్కుంటాడు అని దాని సారాంశం. డబ్బు లావాదేవీలు మనుషుల మధ్య తేడాలన్నిటినీ 'ఎంత?' అన్న ఒక్క ప్రశ్నకు కుదించటం కూడా ఇందులో ఒక కారణమని ఆయన గుర్తించాడు. అంతవరకు బాగానే ఉంది. కాని అంతకు యాభైఎనిమిదేళ్ళ ముందే, 1845లో, ఇరవైనాలుగేళ్ళ ఎంగెల్స్ లండన్ వీధుల్లోని ఇదే గుంపును గురించి రాశాడు. ఒకరినొకరు తోసుకోకుండా తమతమ వార పట్టుకు నడవటం తప్ప ఇంకే సంబంధమూ లేనట్టు పోయే జనాన్ని చూసి, దాన్ని నరాల సమస్యగా ఆయన తీసుకోలేదు. అక్కణ్ణుంచి తిన్నగా కార్మికపేటల్లోకి నడిచాడు. గుంపులోని నిర్లిప్తతకూ, ఆ పేటల్లోని ఆకలికీ మూలం ఒకటేనని చూపించాడు. సిమ్మెల్ మనిషి లోపలికి చూశాడు. ఎంగెల్స్ వీధి చివరిదాకా నడిచాడు. నేనెప్పుడూ నడిచేవారి పక్షమే.

నగరం సహజంగానే గుండెను మొద్దుబారుస్తుందన్న వాదాన్ని పూర్వపక్షం చెయ్యటానికి చికాగో చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1995 జులైలో అక్కడ విపరీతమైన వడగాలి వీచింది. కొద్దిరోజుల్లో మామూలుకంటె అదనంగా 739 మంది చనిపోయారు. శవాగారంలో చోటు చాలక చల్లబరిచే లారీలు తెచ్చి శవాలను వాటిలో ఉంచారు. పోయినవారిలో చాలామంది ఒంటరి ముసలివాళ్ళు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని, చౌక హోటలు గదుల్లో, తలుపు తట్టే దిక్కులేక పోయినవాళ్ళు. ఎవరూ వచ్చి తీసుకుపోని శవాలను కొన్నింటిని ఆగస్టులో ఒకే గోతిలో పూడ్చారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ దీనిమీద 2002లో ఒక పుస్తకం ప్రచురించాడు. పక్కపక్కనే ఉన్న రెండు బీదపేటలను ఆయన పోల్చి చూశాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. రెండుచోట్లా ఒంటరి ముసలివాళ్ళు ఇంచుమించు అదే మోతాదులో ఉన్నారు. కాని మొదటిదానిలో మరణాల రేటు రెండోదానికంటె పది రెట్లు. ఎందుకని? నార్త్ లాండేల్ నల్లజాతివారి పేట. ఫ్యాక్టరీలు మూతపడి, అంగళ్ళు పోయి, ఇళ్ళు కూలి, వీధులు బయలుగా మారాయి. బయటికి వస్తే పలకరించటానికి కూడా మనిషి లేడు. సౌత్ లాండేల్‌లో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు కిక్కిరిసి ఉన్నాయి. వీధినిండా దుకాణాలు, జనం. ముసలివాళ్ళు ఎండకు తాళలేక చల్లని అంగట్లోకి వెళ్ళి కూచున్నారు, బతికారు. ఈ వివరణ మీద తరవాత వాదోపవాదాలు జరగకపోలేదు. ఏమైనా ఒకటి మాత్రం తేలుతున్నది. రెండు పేటలదీ ఒకే నగరం, ఒకే ఎండ. తేడా గుండెల్లో లేదు, మూతపడిన ఫ్యాక్టరీల్లో ఉన్నది.

మన గొప్ప చెప్పుకోబోయేవారికి 2015 మే నెలను గుర్తుచేస్తాను. ఆ వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంటరి గదుల్లో పోలేదు. కూలిపనుల్లో, రోడ్ల మీద, పదిమంది మధ్యనే పోయారు. ఇరుగుపొరుగు లేక కాదు, ఆ పూట కూలి మానుకుంటే పొయ్యి వెలగక.

అయితే దీన్నంతా వ్యవస్థ మీద నెట్టేసి నేను చేతులు దులుపుకోవచ్చునా? మన పత్రికల్లో వ్యాసాలు తరచుగా ఇక్కడే ముగుస్తాయి. 'ఈ దోపిడీ వ్యవస్థ మారనంతవరకూ' అనే వాక్యంతో. ఆ వాక్యం నిజమే. కాని అది రచయితకు ఎంత మెత్తటి పరుపో నేను అనుభవం మీద చెప్పగలను. ఇనపజాలీ పక్కనుంచి నడిచిపోతున్న మూడునెలలూ ఆ వాక్యమే నాకు తోడున్నది. ఒక్క ఐదు డాలర్లతో వ్యవస్థ మారదు కాబట్టి ఐదు డాలర్లు ఇవ్వనక్కరలేదు. ఇవ్వనప్పుడు చూడనక్కరలేదు. నా సిద్ధాంతం నా కవచమయింది. సిమ్మెల్ చెప్పిన కవచంకంటె ఇది గట్టిది, ఎందుకంటే దీనికి నైతికమైన మెరుగు కూడా ఉంది.

డోర్‌మన్‌ను గురించి ఆలోచించినకొద్దీ నాకు ఈ చిక్కు కొంచెం విడిపోయింది. ఆయన కూడా అలవాటుపడినవాడే. పదకొండేళ్ళుగా ఆ బల్ల దగ్గరున్నాడు, నాలాగా అన్నం సహించకపోవటమంటూ లేదు. రాత్రిపూట తన కాఫీ పోసుకునేటప్పుడు ఇంకో కప్పు పోసి సందు మొగకు తీసుకుపోయేవాడు. ఏమంత ప్రేమగా మాట్లాడేవాడు కాదు, ఒక్కొక్కప్పుడు విసుక్కునేవాడు కూడాను. కాని నాలుగు రోజులు మనిషి కనపడకపోతే ఆయన అలవాటుకు లోటు తెలిసింది. నా అలవాటుకు తెలియలేదు. మన పెద్దాసుపత్రిలో నర్సు రక్తానికి అలవాటు పడుతుంది. పడకపోతే చెయ్యి వణికి సూది గుచ్చలేదు. ఆమె అలవాటు చేతిని పనికి సిద్ధం చేస్తుంది. నాది చేతిని పనినుంచి తప్పిస్తుంది. రెంటికీ తెలుగులో ఒకటే మాట ఉండటం మన దురదృష్టం. రోజూ ఏడవలేకపోవటం తప్పు కాదు. రోజూ ఏడ్చేవాడివల్ల వీధిలో ఉన్నవాడికి ప్రయోజనమూ లేదు. మొదటి రాత్రి నాకు అన్నం సహించకపోవటాన్ని కూడా నేనిప్పుడు పెద్ద గుణంగా లెక్కవెయ్యను. అతను కనపడనప్పుడు తెలిసిందా లేదా, అదీ అడగవలసింది.

అతను తరవాత వారం తిరిగి వచ్చాడు. చలి ఎక్కువయితే రాత్రంతా రైల్లో కూచుంటాడట. రెడ్ లైను, బ్లూ లైను రైళ్ళు తెల్లవార్లూ నడుస్తాయి. పగలు హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయంలో ఉంటాడు. ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయర్ పేరు మీద 1991లో తెరిచిన పెద్ద భవనం అది. నేనూ రోజూ అక్కడికే పోయి చదువుకునేవాణ్ణి. ఇద్దరమూ ఒకే కప్పు కింద పగలంతా ఉన్నామన్నమాట.

ఇంక కాఫీకప్పు ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్న. 2019 జనవరి 30న చికాగోలో చలి సున్నాకు దిగువన ముప్పై డిగ్రీలు దాటింది. గుడారాల్లో ఉంటున్నవారి గ్యాసు సిలిండర్లను, ఒకటి పేలటంతో, అగ్నిమాపక శాఖ తీసుకుపోయింది. ఆ రాత్రి ఒక మహిళ తన క్రెడిట్ కార్డు మీద ముప్పై హోటలు గదులు తీసుకుని వాళ్ళను అక్కడ చేర్చింది. తెలిసి ఎందరెందరో డబ్బు పంపారు, గదులు పెరిగాయి. దేశమంతా ఆమెను మెచ్చుకున్నది. మెచ్చుకోవలసిందే. అదే నగరంలో 2024 మార్చిలో ఒక ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చింది. పది లక్షల డాలర్లకు పైబడిన ఆస్తుల అమ్మకాల మీద బదిలీ పన్ను పెంచి, ఆ డబ్బు నిలవనీడ లేనివారి వసతికి కేటాయించాలని. అంతకు తక్కువ ధర ఆస్తులమీద పన్ను తగ్గుతుంది కూడా. భవన యజమానుల సంఘాలు కోర్టుకెక్కాయి, ప్రచారం చేశాయి. ప్రతిపాదన ఓడిపోయింది.

మా అంతస్తులోనే ఒక సొంత ఫ్లాటున్నాయన ఉండేవాడు, మర్యాదస్థుడు. ఆ జనవరిలో చలి సున్నాకు దిగువన ఇరవై దాటినప్పుడు తన ఉన్నికోటు తీసుకుపోయి జాలీ మీద మనిషికి కప్పి వచ్చాడు. మార్చిలో ఆయన వ్యతిరేకంగా ఓటు వేశానని నాతో లిఫ్టులో చెప్పాడు. ఎందుకని అడిగాను. "డౌన్‌టౌన్ దెబ్బతింటుంది" అన్నాడు. ఆయన ఫ్లాటు పది లక్షలకు లోపుదే. అంటే తన పన్ను తగ్గించే ప్రతిపాదననే ఆయన ఓడించాడు. ఆయనను కపటి అని నేననలేను. కోటు ఇచ్చినప్పుడు కళ్ళు చెమర్చినమాట నిజం. కాని కోటు ఇచ్చేచోట ఆయనకు ఒక మనిషి కనిపించాడు, ఓటు వేసేచోట ఆస్తి కనిపించింది. ఈ రెండు చూపుల్ని వేరుచేసి పెట్టటం ఆ నగరం ఆయనకు నేర్పిన విద్య. మన నగరాలూ ఆ విద్యలో వెనకబడి లేవు. చలివేంద్రం పెట్టించిన చేతులే పేవ్‌మెంటు మీది తోపుడుబళ్ళను ఎత్తించమని అర్జీ మీద సంతకం పెట్టటం గుంటూరులో నేనెరుగుదును. పెట్టినవారిలో మా కాలేజీ అధ్యాపకులూ ఉన్నారు.

నాకు అక్కడ ఓటు లేదు. ఆ మాట నాకు ఎంత ఊరట ఇచ్చిందో చెబితే చాలు, నేను ఎటువంటివాణ్ణో తెలుస్తుంది. చేసిందల్లా ఇంతే. డోర్‌మన్‌కు సెలవున్న రాత్రులు కాఫీ నేను తీసుకుపోయేవాణ్ణి. మొదట్లో అతను నాతో మాట్లాడలేదు. తరవాత ఒకనాడు నేను ఏం చదువుతుంటానని అడిగాడు. లైబ్రరీలో నన్ను చూస్తూనే ఉన్నాడట, మొదటినుంచీ. చలికాలంలో నేను వేసుకునే ఎర్ర మఫ్లరు గుర్తుపట్టి చెప్పాడు.

2024 సెప్టెంబరులో మా భవనంవారు ఆ జాలీ మీద ఏటవాలుగా ఇనప కడ్డీలు బిగించారు, ఎవరూ పడుకోవటానికి వీల్లేకుండా. 'భద్రత, పరిశుభ్రత' అని లాబీలో ఒక కాగితం అంటించారు. ఆ జూన్‌లోనే అమెరికా సుప్రీం కోర్టు, బహిరంగ స్థలాల్లో పడుకునేవారిని నగరాలు శిక్షించవచ్చునని తీర్పు చెప్పి ఉన్నది. నేను సంఘం ఆఫీసుకు పోయి అడిగితే, అద్దెకున్నవారికి ఇందులో జోక్యం లేదన్నారు. ఖర్చు సంఘం నిధిలోంచి పెట్టారు. ఫ్లాటు యజమానులు నెలనెలా కట్టే సొమ్ముతో ఆ నిధి ఏర్పడుతుంది. మా యజమాని కట్టేది మా అద్దెలోంచి. డోర్‌మన్ ఆ వారమంతా రాత్రిపూట రెండో కప్పు పోసి బల్ల మీద పెట్టుకునేవాడు. చల్లారిన తరవాత పారబోసేవాడు. మేము నవంబరులో బయల్దేరేనాటికి అతను మళ్ళీ రాలేదు. నేను లైబ్రరీలో అన్ని అంతస్తులూ తిరిగి చూశాను.